నర్సమ్మ కాలు విరిగిన నలభై రోజులు

నర్సమ్మ కాలు విరిగింది దేవుడి పని మీద పరుగెడుతూ కాదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆవిడే ముందుగా చెప్పేసేది. లేకపోతే స్వదేశంలో తమను పంపిన సంఘంవాళ్ళు "సేవలో గాయపడిన సహోదరి" అని పత్రికలో ఫొటో వేసేస్తారని ఆవిడ భయం. జరిగింది చాలా మామూలు సంగతి. మూడో అంతస్తులోని ఇంట్లోంచి మెట్లు దిగుతోంది. ఒక చంకలో ఉతకాల్సిన కర్టెన్ల మూట, ఇంకో చేతిలో సండే స్కూలు పిల్లల కోసం అట్టతో కత్తిరించిన పన్నెండు గొర్రెలు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఫోనులో రొట్టెల దుకాణం కోడలు. నెలలు నిండిన మనిషి. వస్తున్నవి అసలు నొప్పులా, ఉత్త నొప్పులా అని అడుగుతోంది.

"ఎంతసేపటికొకసారి వస్తున్నాయమ్మా?" అంటూనే నర్సమ్మ, చిన్న కూతురు మెట్ల మీద వదిలేసిన బూటు మీద కాలు వేసింది. బూటు ఒక దారి పట్టింది, ఆవిడ ఇంకో దారి పట్టింది. గొర్రెలు పన్నెండూ చెల్లాచెదురయ్యాయి.

ఆవిడ అంత హడావిడిగా ఎందుకు దిగుతోందంటే, ఈ పరాయి దేశం వచ్చిన ఆరేళ్ళలో ఆవిడ మెల్లగా దిగింది ఎప్పుడు కనక! స్వదేశంలో పెద్దాసుపత్రి నర్సు. వాక్యం చెప్పే అయ్యగారిని చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని సముద్రం దాటి ఈ పట్నానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడ పనిచేసిన మిషనరీ "ఇది ముగ్గురు మనుషుల పని" అని రాసి పెట్టి మరీ వెళ్ళాడు. సంఘంవాళ్ళు ఆ ఉత్తరం చదివి, మొగుడూ పెళ్ళాలిద్దరు, వాళ్ళ వెంట వెళ్ళే అత్తగారొకరు, వెరసి ముగ్గురే కదా అని నిశ్చింతగా ఉండిపోయారు. అత్తగారు ఇల్లు సర్దిపెట్టి మూడు నెలల్లో తిరిగొచ్చేస్తానని బయల్దేరిన మనిషి. ఆ సర్దుడు ఇంకా తెమలలేదు.

అయ్యగారు మంచివాడు, కష్టజీవి. ఇక్కడి భాషను పాత గ్రంథాలు ముందేసుకుని నేర్చుకున్నాడు. దాంతో కూరగాయలు అడిగినా రాజుగారి శాసనం చదివినట్టుండేది. మొదటి ప్రసంగంలో "నేను గొర్రెల కాపరిని" అనబోయి ఒక అచ్చు సాగదీసేసరికి "నేను గొర్రెల దొంగని" అయి కూర్చుంది. జనం ముందు బిత్తరపోయారు, తరవాత ఎంతో నిజాయితీపరుడని మెచ్చుకున్నారు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాయి కానీ బండి తోలడం మాత్రం ఆయనకు పట్టుబడలేదు. నాలుగుసార్లు పరీక్షకు వెళ్ళాడు, నాలుగుసార్లూ తప్పాడు. "మీరు మలుపు మలుపుకీ ఆగి కళ్ళు మూసుకుంటున్నారండీ" అన్నాడట పరీక్షాధికారి.

అంచేత మిషను వారి పాత వ్యాను తాళాలు నర్సమ్మ కొంగునే ఉండేవి. ఆరాధనకు జనాన్ని ఎక్కించుకు రావడం, ఆరాధన జరిగే హాలు తుడవడం (అది మూతపడ్డ ఫర్నిచర్ షాపు, ఎంత తుడిచినా రంపప్పొట్టు రాలుతూనే ఉండేది), బుధవారం ఆడవాళ్ళ కుట్టు తరగతి, ఆఫీసు కాగితాలు నింపుకోలేనివాళ్ళకి నింపి పెట్టడం, జ్వరాలూ కాన్పులూ, మధ్యలో సొంత పిల్లల లెక్కల హోంవర్కు. "కాస్త కూర్చోవే అమ్మాయ్" అని అత్తగారంటే, "కూర్చుంటానత్తయ్యా, ఈ ఒక్క పనీ అయిపోనీ" అనేది. ఆ ఒక్క పని ఆరేళ్ళుగా అవుతూనే ఉంది.

ఇక రెండో అంతస్తు మనిషి సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు, ఒంటరివాడు. ఆయన్ని అందరూ బస్సాయన అనేవాళ్ళు. నవ్వితే ఎక్కడ టిక్కెట్టు కొట్టాల్సి వస్తుందో అన్నట్టు మొహం పెట్టుకుని తిరిగేవాడు. పై ఇంట్లో చప్పుడైనప్పుడల్లా పెన్సిలుతో ఒక చీటీ రాసి తలుపుకు అంటించి పోయేవాడు. "ఈ రోజు ఉదయం ఆరూ పది నిమిషాలకు మీ ఇంట్లో పాట మొదలైంది. నిబంధనల ప్రకారం ఏడు గంటలకు ముందు పాటలు కూడవు." చీటీ కింద సంతకం, సంతకం కింద మళ్ళీ టైము.

మొదటి చీటీ అత్తగారి చేతిలో పడింది. ఆ భాషలో అక్షరమ్ముక్క రాని అత్తగారు "ఏవిటే ఇది?" అని అడిగింది. అత్తగారికి అసలు సంగతి తెలిస్తే కిందికి దిగి తెలుగులోనే తగాదా పెట్టుకుంటుందని నర్సమ్మకు తెలుసు.

"కిందాయన ప్రార్థన మనవి రాసి పంపాడత్తయ్యా," అనేసింది.

"అయ్యో పాపం!" అని అత్తగారు ఆ చీటీని కళ్ళకద్దుకుని బైబిల్లో దాచుకుంది. అది మొదలు వచ్చిన ప్రతి చీటీ ఆవిడ బైబిల్లోకే పోయేది. "మనిషికి ఎన్ని కష్టాలో చూడు, వారానికి రెండు రాస్తున్నాడు" అని నిట్టూర్చేది. అబద్ధమాడానన్న బాధ నర్సమ్మను పీకుతూనే ఉండేది కానీ, దాన్ని దిద్దుకోవడానికి తీరిక ఏదీ?

ఆ రోజు నర్సమ్మ దొర్లిన చప్పుడుకు మొదట తలుపు తీసింది బస్సాయనే. చేతిలో పెన్సిలూ చీటీ తయారుగా ఉన్నాయి. "ఎనిమిదీ నలభై రెండు" అని వాచీ చూసుకున్నవాడు, మెట్ల మలుపులో కర్టెన్ల మధ్య పడి ఉన్న మనిషిని చూసి, పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. నర్సమ్మ పాదం ఉండకూడని దిక్కుకు తిరిగి ఉంది. పక్కన పడ్డ ఫోను ఇంకా మాట్లాడుతోంది.

"ఎముక విరిగింది," అంది నర్సమ్మ, ఎవరి కాలో చూసి చెబుతున్నట్టు. "ఆ ఫోను ఇటివ్వండి. అమ్మాయ్, ఉన్నావా? చెప్పు, ఎంతసేపటికొకసారి?"

పై నుంచి అయ్యగారు పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే అత్తగారు. అంబులెన్సుకు ఫోను చేస్తే ముప్పావు గంట పడుతుందన్నారు. అయ్యగారు వ్యాను తాళాలు చేతిలోకి తీసుకుని, వాటివంక చూసి, ఆకాశంవంక చూశాడు. బస్సాయన ఆ తాళాలు లాక్కున్నాడు.

సందు చివర రొట్టెల దుకాణం దగ్గర వ్యాను ఆపించింది నర్సమ్మ. కోడలు పిల్లని కూడా ఎక్కించుకున్నారు. వెనక సీటు మీద కాలు చాపుకుని, చెమటలు కక్కుతూ, బస్సాయన వాచీ అడిగి తీసుకుని నొప్పులు లెక్కపెట్టింది నర్సమ్మ. "నాలుగు నిమిషాలకొకటి. అసలువే. కాస్త తొందరగా పోనివ్వండి" అంటే, "ఈ రోడ్డు మీద నలభై దాటకూడదు" అన్నాడు బస్సాయన. దాటలేదు కూడా. అయినా సందుగొందులన్నీ తెలిసిన మనిషి కావడంతో అంబులెన్సు బయల్దేరేలోపే ఆసుపత్రిలో దించేశాడు. మధ్యాహ్నానికి రొట్టెల దుకాణంవాళ్ళకి మనవరాలు పుట్టింది, నర్సమ్మ కాలికి తొడదాకా కట్టు పడింది. నలభై రోజులు కాలు కింద పెట్టకూడదన్నాడు డాక్టరు.

"నలభై రోజులా! ఆదివారం వ్యానెవరు తోలతారు?" అంది నర్సమ్మ. ఆవిడకు వచ్చిన మొదటి ఏడుపు అప్పుడే.

ఆదివారం తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. బస్సాయన, ఇస్త్రీ చేసిన పాత యూనిఫారం వేసుకుని, టోపీతో సహా. చేతిలో చీటీ. అయ్యగారు భయపడ్డాడు కానీ ఈసారిది ఫిర్యాదు కాదు, టైంటేబిలు.

"తొమ్మిదీ ఇరవైకి ఇక్కడ బయల్దేరుతుంది. ఆరు స్టాపులు. ఒక్కో స్టాపులో ఒక్క నిమిషం. రానివాళ్ళ కోసం ఆగదు. తిరుగు ప్రయాణం పదకొండూ నలభై."

"ప్రసంగం ఒక్కోసారి పన్నెండు దాటుతుందండీ" అన్నాడు అయ్యగారు వినయంగా.

"బండి దాటదు" అన్నాడు బస్సాయన.

అన్నట్టే మొదటి వారం, అయ్యగారు మూడో అంశంలోకి అడుగుపెడుతుండగా బయట హారన్ మోగింది. జనం సగం లేచి నిలబడ్డారు. మూడో అంశం, ముగింపు, ఆశీర్వాదం కలిపి ఒక్క వాక్యంలో చెప్పేశాడాయన. రెండో వారానికి ప్రసంగం ఇరవై అయిదు నిమిషాలకు దిగింది. మూడో వారానికి ఒక వింత జరిగింది. ఎప్పుడూ అరగంట ఆలస్యంగా వచ్చే ఇద్దరు అన్నదమ్ములు బండి తప్పిపోతుందని ముందుగానే వచ్చి స్టాపులో నిలబడ్డారు. ఇరవై మూడు మంది ఉన్న సంఘం ముప్పై ఒకటైంది. బస్సాయన మాత్రం లోపలికి వచ్చేవాడు కాదు. హాలు ముందు వ్యానులో కూర్చుని పేపరు చదువుకునేవాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం, "రెండో ముక్కలో క్రియ తప్పు. అలాంటి క్రియ మా తాతలు కూడా వాడలేదు" అని అయ్యగారికి దిద్ది చెప్పేవాడు. మనిషి పేపరు చదవడం లేదని అయ్యగారికి అప్పుడు తెలిసింది. అదే ఊపులో బండి నేర్పమని అడిగితే ఒక వీధి చుట్టూ తిప్పించాడు. తిరిగొచ్చాక నుదురు తుడుచుకుని, "వద్దండీ. ఇంకోసారి అడక్కండి" అన్నాడు.

బుధవారం కుట్టు తరగతిని అత్తగారు నడిపింది, మొత్తం తెలుగులోనే. "ఇదిగో, ఇలా మడిచి, ఇక్కడ కుట్టు. అది కాదే పిచ్చిమొహమా, ఇలా!" అంటే అందరికీ అర్థమయ్యేది. నర్సమ్మ ఆరు నెలలుగా నేర్పలేకపోయిన బొత్తాల కాజాలు మూడు వారాల్లో వచ్చేశాయి. పెద్ద కూతురు కాగితాలు నింపడం మొదలుపెట్టింది. రొట్టెల దుకాణం అత్త రోజూ రొట్టెలు పంపుతోంది. తలుపు సందులోంచి ఇవన్నీ వింటూ, కాలు దిండు మీద పెట్టుకుని పడుకునేది నర్సమ్మ.

పన్నెండో రోజు అన్నం తెచ్చిన అయ్యగారు చూస్తే ఆవిడ దిండు తడిసిపోయి ఉంది.

"కాలు నొప్పిగా ఉందా?"

"కాలు కాదండీ. అన్నీ చక్కగా జరిగిపోతున్నాయి."

"దేవుడికి స్తోత్రం! అందుకు ఏడవడమెందుకు?"

"నేను లేకపోయినా జరుగుతున్నాయి" అని ఆవిడ మళ్ళీ వెక్కింది. "ఆరేళ్ళుగా నేను లేకపోతే ఈ పరిచర్య ఒక్కరోజు నిలబడదనుకున్నాను. ఒక్కడంటే ఒక్కడు కూడా వచ్చి, ఫలానా వస్తువు ఎక్కడ పెట్టారని అడగలేదు!"

అయ్యగారికి దీనికి తగిన వాక్యం వెంటనే నాలుకమీదికొచ్చింది. కానీ పెళ్ళయి పదిహేనేళ్ళైన మనిషి కనక మింగేశాడు. దానికి బదులు "నా నల్ల సాక్సు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. నర్సమ్మ ఏడుస్తూనే నవ్వింది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం బస్సాయన తాళాలివ్వడానికి పైకొచ్చాడు. అత్తగారు కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, ఊరుకోకుండా బైబిలు తెచ్చి తెరిచింది. లోపలినుంచి చీటీలు ఒకటొకటే తీసి బల్ల మీద పరిచింది. చేతులు తగిలి తగిలి అంచులు మెత్తబడిపోయాయి. మంచంలో ఉన్న నర్సమ్మ లేవబోయింది. "అత్తయ్యా, వద్దు..." అనేలోగానే అత్తగారు పెద్ద మనవరాలిని పిలిచింది.

"చెప్పవే, రోజూ ఆయన కోసం ప్రార్థన చేస్తున్నానని చెప్పు."

ఆ పిల్ల చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక చీటీ చదివి, ఫక్కున నవ్వబోయి నోరు మూసుకుంది. బస్సాయన తన అక్షరాలు తనే చదువుకున్నాడు. ఒకటి, రెండు, పది. ఆయన మొహంలో ఏ మార్పూ కనబడలేదు.

"ఈవిడ ఏమని ప్రార్థన చేస్తుంది?" అని అడిగాడు.

పిల్ల కనుక్కుని చెప్పింది. "'ఆయనేం రాశాడో నీకు తెలుసు తండ్రీ, అది జరిగేలా చూడు' అంటుందట."

బస్సాయన చీటీలను వరసగా సర్దాడు. "అంటే నేను అడిగిందే ఈవిడా అడుగుతోంది. ఇద్దరం అడిగినా, ఆరేళ్ళలో చప్పుడు ఎందుకు తగ్గలేదు మరి?"

ఇక దాచడం కుదరలేదు. నర్సమ్మ మంచం మీంచే ఉన్నదున్నట్టు ఒప్పుకుంది, ముందు తెలుగులో అత్తగారికి, తరవాత ఆయన భాషలో ఆయనకి. అత్తగారు నోరు తెరుచుకుని విన్నది. కోడల్ని ఏమంటుందోనని అందరూ చూస్తున్నారు.

"పొద్దున్నే ఆరింటికి పాడేది నేనేనే!" అంది చివరికి అత్తగారు. "నెరవేర్చమని అడిగేదీ నేనే, అడ్డం పడేదీ నేనేనా! ఆ తండ్రి మాత్రం ఏం చేస్తాడు!"

మనవరాలు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సాయన పళ్ళు మొట్టమొదటిసారి అప్పుడు కనబడ్డాయి. టీ కప్పు కింద పెట్టి, భుజాలు కదిలేలా నవ్వాడు. పోతూ పోతూ చీటీలు తీసుకుపోబోతే అత్తగారు ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసి మళ్ళీ బైబిల్లో పెట్టేసుకుంది. మర్నాటినుంచి పాట ఏడింటికి మొదలయ్యేది. అత్తగారు ఆరింటికే లేచి, గడియారం ముందు కూర్చుని, గొంతు సవరించుకుంటూ ఉండేది. కోడలితో రెండు రోజులు మాట్లాడలేదు కానీ, కట్టు కాలి కింద దిండు సర్దడం మానలేదు.

కట్టు విప్పిన తరవాతి ఆదివారం నర్సమ్మ చేతికర్ర పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వ్యాను దగ్గరకొచ్చింది. అలవాటుకొద్దీ డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేసింది. లోపల టోపీ పెట్టుకుని బస్సాయన కూర్చుని ఉన్నాడు.

"ప్రయాణికులు అటునుంచి ఎక్కాలి" అన్నాడు.

"ఇది నా బండండీ!"

"తొమ్మిదీ పంతొమ్మిది."

నర్సమ్మ అటునుంచి ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఆరేళ్ళుగా రోజూ తిరిగిన దారే, అయినా గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఎర్ర పూలకుండీలున్న మేడ ఉందని ఆవిడకు తెలియనే తెలియదు. "ఇది ఎప్పుడు కట్టారే?" అని అడిగితే, "మనం వచ్చినప్పటినుంచీ ఉందమ్మా" అంది చిన్నది. రెండో స్టాపు దాకా ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూనే ఉంది. మూడో స్టాపు దగ్గర అద్దానికి తల ఆనించింది.

ఎవరో భుజం తడితే ఉలిక్కిపడి లేచింది. చుట్టూ ఇంట్లోవాళ్ళు, అందరి చేతుల్లో పాటల పుస్తకాలు. చేతికర్ర వెతుక్కుంటూ, "వచ్చేశామా? దిగాలా?" అంది కంగారుగా.

"వెళ్ళి తిరిగొచ్చేశాం" అంది అత్తగారు. "మనిల్లు వచ్చింది, మెల్లగా దిగు."