మా మామ్మ ఒప్పుకున్న తప్పు

నా చిన్నప్పుడు, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, ఏ పిల్లకు ఒళ్లు వెచ్చబడినా ముందు మా మామ్మకే కబురు వచ్చేది. వాము కాచిన నూనె రాసేది, దిష్టి తీసేది, తగ్గిపోయేది. తగ్గేవి ఎలాగూ తగ్గేవేనని ఇప్పుడు తెలుసుగానీ, అప్పట్లో మా ఇంట్లో ఆవిడ మాటే వేదం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మంచి చలికాలంలో, మా తమ్ముడికి దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. వాడికింకా రెండేళ్లు నిండలేదు. మామ్మ వాణ్ని మెడదాకా రెండు దుప్పట్లలో చుట్టేసి, "సలిగాలి తగిల్తే మరి లెగడు, ఎవులూ ఇప్పకండి" అంది. రెండు రోజులు ఒకటే ఏడుపు. మూడో రోజు పొద్దున్న ఏడుపు ఆగింది. అమ్మ పాలు పట్టబోతే తాగలేదు. "నెమ్మదించినాది, పడుకోనియ్" అంది మామ్మ. నేనైతే సంబరపడి ఆడుకోవడానికి పోయాను.

మధ్యాహ్నం పక్కింటి అత్త వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. ఎవర్నీ అడక్కుండా దుప్పట్లు విప్పేసింది. వాడు గబగబా ఊపిరి తీస్తున్నాడు. తీసినప్పుడల్లా డొక్కలు గుంటపడి లోపలికి పోతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. "నెమ్మదించడం కాదు పిన్నీ, గుంటడికి ఏడవడానికి ఓపిక నేదు. ఇది నిమోనియా. బండి కట్టండి!" అని కేకేసింది. బండి కట్టారు. ఆసుపత్రిలో ఆ సాయంత్రమే వాడు పోయాడు. నిన్న తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్న మాట మామ్మ చెవిన పడింది.

దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడని ఊరంతా ఓదార్చింది. మామ్మ ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా ఆ అత్త దగ్గర కూర్చుని అన్నీ చెప్పించుకుంది. ఆ తర్వాత ఎవరింట్లో పిల్లలు దగ్గినా నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, బట్ట తీసి చూసేది. ఊపిరి జోరుగా ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు మానేసి మత్తుగా పడి ఉన్నా ఆ తల్లికి ఒకటే మాట చెప్పేది. "మా గుంటడ్ని నానే సంపుకున్నాను. నువ్వు సూస్తా కూకోకు, ఆస్పత్రికి ఎల్లు." అలా అనొద్దని అమ్మ ఎంత ఏడ్చినా మానలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్నామధ్య మా మనవరాలి ఊపిరి చూసి, అన్నం కూడా తిననివ్వకుండా అందర్నీ ఆటో ఎక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాను. పిల్ల కోలుకుంది. "నీకెలా తెలిసిందత్తా?" అని కోడలు అడిగింది. తమ్ముడి సంగతి మొదలుపెట్టాను. వాడు మంచం మీద అలా ఉంటే నేను ఆటలకు పోయానన్న దగ్గర కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మా మామ్మ ఎంత బాధ మింగి ఇంటింటా ఆ మాట అనేదో అప్పుడు తెలిసింది. అయినా కళ్లు తుడుచుకుని, కోడలికి మొత్తం చెప్పాను.