కుట్టేసిన ఆఖరి అధ్యాయం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. అమీర్‌పేటలో మా ఇంటి వెనక తోటలో ఏదో తిరుగుతోందని పక్కింటివాళ్ళు ఒట్టేసి చెబితే, స్వయంగా వెళ్ళి చూసి అది ఎవరిదో తప్పించుకొచ్చిన దున్నపోతని తేల్చినవాణ్ణి. మేము క్రైస్తవులం. ప్రార్థన చేసుకుని హాయిగా నిద్రపోయే ఇల్లు మాది. వీడికి మతి పోయిందని మీరు అనుకునే ముందు ఈ సంగతి తెలియాలని చెబుతున్నాను.

పందొమ్మిదివందల నలభైల మొదట్లో నేను నగరంలో ఒక కాలేజీలో చదివేవాణ్ణి. మా నాయన అదే కాలేజీలో చప్రాసీ. గంట కొట్టడం, గదుల తాళాలు తీయడం ఆయన పని. నా తోటివాళ్ళకి ఇది తెలియదు. నేనే తెలియనివ్వలేదు. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే గుమాస్తా అని చెప్పాను. ఆయన వరండాలో ఎదురైతే పుస్తకంలో తల దూర్చేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆయనకీ అర్థమైంది. నేను వస్తుంటే తనే పక్కకి తప్పుకునేవాడు.

మాకు తెలుగు చెప్పే రంగయ్య సారు పంజాగుట్టలో ఉండేవారు. ఆయనకి అపరాధ పరిశోధన నవలలంటే పిచ్చి. అందులోనూ కాలేజీల్లో, గ్రంథాలయాల్లో జరిగేవంటే ప్రాణం. ఆ జబ్బు నాకూ అంటించారు. నిజం చెప్పాలంటే ఆ నవలల మజాయే వేరు. పిస్తోళ్ళూ ముసుగు మనుషులూ అక్కర్లేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం చాలు, పెద్ద పండితుడి పరువు గంగలో కలవడానికి. మనం వంగి నమస్కారం పెట్టే మనుషులే అబద్ధాలాడతారు, అదీ చక్కటి భాషలో. వాళ్ళని పట్టుకోవాలంటే మనమూ వాళ్ళంత శ్రద్ధగా చదవాలి. అలాంటి నవల ముగించిన రోజు నాకు కూడా కాస్త బుర్ర ఉందనిపించేది.

సారు నవలలు అరువిచ్చేవారు గానీ ఒక షరతు ఉండేది. ఆఖరి అధ్యాయం కాగితాలన్నీ దబ్బనంతో గుచ్చి, నల్లదారంతో కుట్టేసి ఇచ్చేవారు. దొంగ ఎవరో, ఎందుకలా అనుకుంటున్నామో చీటీ మీద రాసి ఆయనకివ్వాలి. అది చదివి, నవ్వి, అప్పుడు బ్లేడుతో దారం కోసేవారు. ముందే కోసుకున్నవాడికి ఇంకో పుస్తకం దొరకదు.

ఒక ఎండాకాలం మొదట్లో సారు జ్వరంతో పోయారు. పదిహేను రోజుల తర్వాత ఆయన భార్య అనసూయమ్మ కబురు పెడితే మధ్యాహ్నం వెళ్ళాను. ఆమె నా చేతిలో ఒక రాతప్రతి పెట్టారు. సారు స్వయంగా రాసిన నవల అది. అలాంటిదొకటి ఉందని కూడా నాకు తెలియదు.

“సామేలూ, నీకే మొదలు ఇయ్యుమన్నరు, బిడ్డా. చేతులు వణుకుతుంటె నాతోనే కుట్టించిండ్రు. నువ్వు చీటీ రాసినంకనే దారం కోస్త,” అన్నారు.

అక్కడే కూర్చుని చదివాను. కాలేజీ గ్రంథాలయంలో ఒక తాళపత్ర గ్రంథం మాయమవుతుంది. అది బయటికొస్తే ఒక పేరుమోసిన పండితుడు రాసిందంతా కాపీ అని తేలిపోతుంది. ఆ గది తాళంచెవి ఉండేది చప్రాసీ దగ్గర. ఎంత బాగా రాశారంటే, ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగడం కూడా మరిచిపోయాను.

చీటీ రాయడానికి కూర్చున్నాను. ‘దొంగ చప్రాసీ. తాళంచెవి వాడి దగ్గరే ఉంది’ అని రాసేసరికి కలంలో సిరా అయిపోయింది. సారు బల్ల మీద పెన్సిలు ముక్క కనబడితే, ‘డబ్బుకి ఆశపడ్డాడు’ అని దాంతో పూర్తిచేశాను. రాస్తున్నప్పుడు మా నాయన గుర్తుకే రాలేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అనసూయమ్మ దారం కోశారు.

దొంగ చప్రాసీ కాదు. దొంగని పట్టుకున్నదే అతను. తాళపత్రాల కట్టల్ని ఏటా దులిపి, గుడ్డలో చుట్టి ముడివేసేది అతనే. ఒక కట్ట మీది ముడి తన చేతిది కాదని గుర్తుపట్టి విప్పితే, పోయిందనుకున్న గ్రంథం అందులోనే ఉంది. దాన్ని వేరే పేరు కింద దాచింది ఆ పండితుడు. లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

‘సమాప్తం’ అన్న మాట కింద, సారు దస్తూరీలో ఇలా ఉంది.

“సామేలూ, చప్రాసీ అని రాసినవా? సగం సిరాతోని, సగం పెన్సిలుతోని? తాళంచెవి ఉన్నోడే దొంగ అనుకునుడు అల్కగనే, సుళువుగనే ఉంటది. మీ నాయన చేతిల సుత తాళంచెవులున్నయి కద.”

నేనేం రాస్తానో సారు ఊహించి ఉండొచ్చు. నాయన సంగతి ఆయనకి తెలిసే ఉండొచ్చు. కానీ సిరా అయిపోయి అరగంట కూడా కాలేదు. కాగితాలు తిప్పి తిప్పి చూశాను. దబ్బనం రంధ్రాలు ఒక్క వరసే ఉన్నాయి. విప్పి మళ్ళీ కుట్టి ఉంటే రెండో వరస పడాలి. అనసూయమ్మకి రాయడం రాదు. దారం కోసేదాకా రాతప్రతి నా ఒళ్ళోంచి కదలలేదు.

ఆమెకి చదివి వినిపిస్తే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “ఆయన గంతే బిడ్డా, ఎవల చీటీ చూడకుంట ఇడువరు,” అన్నారు.

ఆ సాయంత్రం రాతప్రతి ఇంటికి తీసుకెళ్ళి, కథంతా నాయనకి చెప్పి, ఆఖరి అధ్యాయం చదివి వినిపించాను. ముడి గుర్తుపట్టిన చోట ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. చివర సారు రాసిన మాటలు కూడా చదివాను. నేను చీటీలో ఏం రాశానో ఇంక దాచడానికి లేదు.

నాయన ఆ కాగితాలు అందుకుని అంచులు సరిచేశాడు. “నాకు రాయొస్తె నేను సుత చీటీల చప్రాసీ అనే రాద్దును, బిడ్డా,” అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మర్నాడు కాలేజీ వరండాలో నేను నలుగురితో ఉండటం చూసి ఆయన ఎప్పటిలాగే పక్కకి తప్పుకోబోయాడు. “నాయనా!” అని గట్టిగా పిలిచాను. నా స్నేహితులు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఈయన మా నాయన అని చెప్పాను.

దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. కానీ పెన్సిలు సంగతి సారుకెలా తెలిసిందని నాయన ఆ తర్వాత చాలాసార్లు అడిగాడు. చదువుకున్న కొడుకుని కదా, ఎప్పటికైనా చెబుతానని పోయేదాకా ఎదురుచూశాడు. నేను చెప్పలేకపోయాను.