అవ్వ పాడిన చిట్టీ

మంచిర్యాలలో మేముండే అపార్ట్‌మెంటు పక్కనే ఇంకో అపార్ట్‌మెంటు లేస్తోంది. పొద్దున్నే కూలీలు పైపు పట్టుకుని కొత్త గోడలకు నీళ్లు కొడతారు. పచ్చి సిమెంటు తడిసిన ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చిందంటే నా చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. గోదావరిఖనిలో, లంగా ఎగదోపుకుని బకెట్లతో నీళ్లు మోసి మా ఇంటి గోడలు తడిపిన రోజుల్లోకి వెళ్లిపోతాను. అది మా సొంతిల్లు. ఎన్నాళ్లు ఉందని మాత్రం అడక్కండి.

అంతకుముందు మేం బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచే ఇల్లు మాది. భూమి లోపలి గనిని అక్కడ బాయి అంటారు. బాపు బాయిలో పని. సాయంత్రమైతే వరుసలో ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది, ఆ పొగలోనే జొన్నరొట్టె కాలే వాసన, ఎల్లిపాయ కారం నూరే వాసన కలిసిపోయేవి, ఎండాకాలమైతే మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేసేవి, బతుకమ్మ నాడు మేం తంగేడు, గునుగు పూలు తెచ్చి ఆరబోస్తే వాటి మీదా సన్నగా నల్లదుమ్ము పడేది, రొట్టె, బెల్లం కలిపి అవ్వ పెట్టే మలీద ముద్ద కోసం కొట్టుకుంటూ ఆ చేతులతోనే తినేవాళ్లం. కరెంటు కంపెనీది, నీళ్లు కంపెనీవి, పొయ్యిలో బొగ్గు కంపెనీది. మావి అనుకోవడానికి మా ఇంట్లో మేమే ఉండేవాళ్లం.

మా పక్క క్వార్టరు ఎల్లయ్య తాత రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, బజారు దగ్గర కిరాయి గదిలోకి మారాడు. ఆ వానాకాలమే పోయాడు. కిరాయి ఇంట్లో శవాన్ని ఉంచనివ్వరు మా వైపు. ఇంటివాళ్లు గేటుకు తాళం వేసుకున్నారు. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషిని రోడ్డు పక్కన పరదా కింద పడుకోబెట్టారు. వాన నీళ్లు పాడె కిందుగా పారుతుంటే అవ్వ చూసి వచ్చింది. నల్లా దగ్గరే తలస్నానం చేసి, తడి బట్టలతోనే బాపు ముందు నిలబడింది.

"నా పీనుగ సొంత వాకిట్లకెళ్లే లేవాలె. నీది గూడ గంతే. నువ్వేం జేస్తవో నాకెర్క లేదు."

"ఇప్పుడే సచ్చెటట్టున్నవా ఏందే?" అని బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

బాపు తెల్లచొక్కా వేసుకుని, నన్ను వెంటేసుకుని బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు మంచివాడే, కూర్చోమన్నాడు. జీతం చీటీ చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత, "పట్టా ఉందా?" అన్నాడు. మా చుట్టూ నేలంతా కంపెనీది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లెవరి దగ్గరా పట్టా లేదు. "బండికిస్తాం, టీవీకిస్తాం. పట్టా లేని ఇంటికి మాత్రం ఇవ్వలేం" అన్నాడాయన. బాపు లేచి దండం పెట్టి వచ్చేశాడు.

ఇక మిగిలింది చిట్టీ. జీతాల మరుసటి ఆదివారం, మా వరుసలో చిట్టీ నడిపే రాజమల్లు కాక క్వార్టరు అరుగు మీద చిట్టీ పాట జరిగేది. చిట్టీ మొత్తంలో ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చిట్టీ వాళ్లది. ఒకరి మీద ఒకరు పాడి, అరుచుకుని, చివరికి చాయ్ తాగి లేచేవాళ్లు. ఆ ఆదివారం పాడింది బాపు కాదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అవ్వే కొంగు నిండా కప్పుకుని పాడింది, వదులుకోక తప్పని కనీసపు మొత్తానికే. మీద ఎవరూ పాడలేదు. కూతురు పెళ్లి పెట్టుకున్న మనిషి కూడా తల దించుకుని కూర్చున్నాడు. రాజమల్లు కాక అందరి మొహాలూ చూసి, "ఇంకేంది మరి, చెల్లెకే" అన్నాడు. అవ్వ అక్కడే ఏడ్చేసింది. అంత ప్రేమ నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఎక్కడ కట్టాలన్నది బాపే తేల్చాడు. తాను ఏళ్ల తరబడి పనిచేసిన బాయికి సరిగ్గా పైన ఉన్న నేల అది. "కింద బొగ్గు తీసుడు అయిపోయింది. నేనే తీసిన. ఇగ కంపెనీ మన జోలికి రాదు" అన్నాడు ధీమాగా. లోపల పనిచేసినవాడి మాట కదా, ఎవరం ఎదురు చెప్తాం? రెండు గదులు, రేకుల కప్పు. వాకిట్లో అవ్వ ప్రతి పొద్దూ పేడనీళ్లు చల్లి, వీధి సగం దాకా ముగ్గు లాగేది. పోచమ్మకు మొదటి బోనం ఆ ఇంటి నుంచే ఎత్తింది.

బాయిలో బొగ్గంతా తీయరు. పైకప్పు కూలకుండా మధ్య మధ్య స్తంభాల్లా వదిలేస్తారు. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు వచ్చాక, ఆ వదిలేసిన స్తంభాల కోసమే మా నేల మొత్తం తీసుకున్నారు. తన మీద కప్పు కూలకుండా ఇన్నేళ్లూ కాపాడిన ఆ స్తంభాలే బాపుకు గుర్తు రాలేదు! మొదట బొగ్గు కోసం పేల్చే బాంబుల అదురుకు గోడలు నెర్రెలిచ్చాయి, తర్వాత నోటీసు వచ్చింది. పట్టా లేదు కాబట్టి గోడలకు మాత్రం కొంత పరిహారం ఇచ్చారు. ఇల్లు పోయి మళ్లీ కంపెనీ క్వార్టర్లోకే వచ్చాక కూడా చిట్టీ కిస్తులు మిగిలే ఉన్నాయి. ప్రతి జీతానికీ రాజమల్లు కాక అరుగు మీద అందరికంటే ముందు కట్టేది బాపే. ఆయన మళ్లీ ఇంటి మాట ఎత్తలేదు.

రిటైరై, కిరాయి ఇంట్లోకి మారాక, దవాఖానలో పోయాడు బాపు. ఇంటాయన గేటు దగ్గర చేతులు జోడించాడు. "పిల్లలున్న ఇల్లు బిడ్డా, ఏమనుకోకుండ్రి." షామియానా రోడ్డు మీదే వేశాం. లారీలు పోతుంటే అవ్వ కొంగుతో బాపు మొహం మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది. నా గుండె ఆ రోజే పగిలింది.

అందుకే ఈ ఫ్లాటు కొన్నాను. ఇప్పుడు బ్యాంకువాళ్లే ఫోన్లు చేసి లోను కావాలా మేడమ్ అంటారు. రాజమల్లు కాక లేడు, అరుగు లేదు, ఆ క్వార్టర్ల వరుసే లేదు. మా ఇల్లున్న చోటు చూపించమంటుంది నా కూతురు. ఏం చూపించను? అక్కడ నేలే లేదు, లోతైన గుంత తప్ప.

పాలు పొంగించిన రోజు అవ్వ ఈ గోడలన్నీ తడిమి చూసి, "ఇగ నాకు ఫికర్ లేదు" అంది.

పోయిన నెల పై అంతస్తు పెద్దాయన పోయారు. శవాన్ని పైకి తేకూడదని అపార్ట్‌మెంటు కమిటీ నియమమట. కింద పార్కింగులో, కార్ల మధ్య ఐసు పెట్టెలో ఉంచారు. అవ్వ బాల్కనీ పిట్టగోడ పట్టుకుని చాలాసేపు కిందికి చూసింది.

"పాపం, కిరాయికుంటరా బిడ్డా ఆళ్లు?"

"కాదవ్వా. సొంతదే."

అవ్వ నా వైపు తిరిగి చూసింది.