‘తీసేసిన్రు’ అన్న మాట

2023 జూలైలో వికారాబాద్ దగ్గర అద్దెకు తీసుకున్న ఒక ఇంట్లో టీవీ సీరియల్ షూటింగ్ జరుగుతోంది. నాది కంటిన్యుటీ పని. ఒక సీను ఎన్ని రోజులు తీసినా చీర, గాజులు, మాట మారకుండా చూడాలి. ఆ పనిలో నాకది ముప్పై ఒకటో ఏడు.

కథానాయిక అమెరికాలో చదివి, ఉద్యోగం లేకుండా తిరిగొచ్చిన అమ్మాయి. అక్కడి సంగతులు చెప్పడానికి పెద్దేముల్ నుంచి శ్రావణిని పిలిపించారు. ఆమెకూ అదే జరిగింది. కంపెనీ ఒక పొద్దున ఆమె టీమంతటినీ తీసేసింది.

ఆ రోజు తీయాల్సింది ఆ అమ్మాయి తన తండ్రి కాళ్లమీద పడే సీను. డైలాగు చూసి శ్రావణి నా దగ్గరికొచ్చింది.

“పెద్దమ్మా, గిదేంది? ‘ఉద్యోగం పోగొట్టుకున్నాను, క్షమించు నాన్నా’ అట! నేను ‘తీసేసిన్రు’ అని చెప్పిన. పోగొట్టుకోనీకి అదేమన్న చెవి కమ్మనా?”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

“మా నాయిన దినాం గీ సీరియలే చూస్తడు. గీ మాట ఇన్నడంటె చెల్లెను హైదరాబాద్ల చదువనియ్యడు. ఇప్పటికే ఎనకా ముందు ఆడుతున్నడు.”

డైరెక్టర్ దగ్గరికి వెళ్లాం. పాత ఎపిసోడ్‌లో కంపెనీ తీసేసినట్టే చూపించామని, ఈ మాట దానికి అతకదని చెప్పాను.

“అమ్మగారూ, తీసేశారంటే జనం కంపెనీని తిట్టి ఊరుకుంటారు. పోగొట్టుకుందంటేనే ఏడుస్తారు. మీరు గాజులు చూసుకోండి.”

శ్రావణి ఆగలేదు. “సార్, కష్టపడితె చాలు, అమెరికా నిలబెడ్తదన్నరు. కష్టపడ్డ. నిలబెట్టలే. అండ్ల నా తప్పేంది? కాళ్లెందుకు మొక్కాలె?”

“ఈ కోపం భలే ఉందమ్మా, మా హీరోయిన్‌కి నేర్పించు!” అన్నాడు. యూనిట్ అంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

రాసిన మాటతోనే తీశారు. ప్రసారమైన మర్నాడు శ్రావణి ఫోన్ చేసింది.

“నాయిన టీవీ బంద్ జేసి చెల్లెతోని అన్నడు పెద్దమ్మా, ‘అక్క పోగొట్టుకొని వచ్చింది, నువ్వేం నిలుపుకుంటవ్? ఇంటికాడనే ఉండు’ అని. కంపెనోళ్లే తీసేసిన్రు నాయినా అంటె, ‘మరి టీవీల ఆ పిల్లనే ఒప్పుకున్నది గద’ అన్నడు.”

హైదరాబాద్ కాలేజీలో చెల్లెలికొచ్చిన సీటు ఆ నెలలోనే వేరే ఎవరికో పోయింది.

అప్పటినుంచి ఏ సీరియల్ కాగితం చేతికొచ్చినా, క్షమాపణ ఎవరిచేత చెప్పిస్తున్నారో ముందు చూస్తాను. ఆ సీరియల్లో అమ్మాయిని తీసేసిన కంపెనీ మాత్రం, ఆఖరి ఎపిసోడ్ దాకా, ఎవరినీ క్షమించమని అడగలేదు.