మావ సైన్యం

ఆమదాలవలసలో మా మావకి ధాన్యం కొట్టు ఉండేది. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక బస్తాలకి చేరబడి, ఫోన్లో రాజులకాలం నాటి యుద్ధం ఆట ఆడేవాడు. అందులో సేనాపతి ఆయనే. సైనికులకి మాత్రం మా ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు పెట్టుకున్నాడు.

"ఇదేటి మావా, పాడు పని?" అని ఓసారి విసుక్కున్నాను.

"బతికున్నోల్లని సావుకి పంపడానికి సెయ్యి రాదురా. పోయినోల్లయితే మల్లీ పోరు కదా!"

యుద్ధానికి ముందు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవాడు. పిలిచి, తల పక్కకి వంచి ఆగి, ఏదో వినపడినట్టు తలూపేవాడు. ఆ తర్వాతే ఇంకో పేరు. చివర్న సేనాపతి వంతు. తన పేరు తనే పిలుచుకుని, చాలాసేపు ఆగి, "ఈడింకా రాలేదురా" అని నవ్వేవాడు.

మొన్న ఆయన పెద్దకర్మ అయ్యాక, అత్త ఆ ఫోను నా చేతిలో పెట్టింది. కొట్లో కూర్చుని ఆట తెరిచాను. ఆయనలాగే అందరినీ పిలిచాను. ఎవరూ పలకలేదు. పిచ్చిపని అనుకుంటూనే చివర్న మావ పేరు కూడా పిలిచాను.

నా తల దానంతటదే పక్కకి వంగింది. కాసేపాగి, తలూపాను.