నైనై వాళ్ళాయన వేపిన టీ

నాకు టీ అంటే పాలు, పంచదార, అల్లం, అదీ గ్లాసు నిండా ఉండాలి. అలాంటి నేను దుబాయ్‌లో చైనా వాళ్ళింట్లో పనికి కుదిరాను. సార్‌కి జెబెల్ అలీలో టైల్స్ గోడౌను ఉండేది. 2020 మొదట్లో వాళ్ళమ్మగారు కొడుకును చూద్దామని రెండు నెలల కోసం వచ్చింది. ఇంతలో విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడిపోయింది. పిల్లలు ఆవిడను నైనై అనేవారు, అంటే నాయనమ్మ. నేనూ అలాగే పిలిచేదాన్ని.

నైనై పెట్టెలో బట్టలు కాక రెండే వస్తువులు ఉండేవి. ఒకటి పింగాణీ ముసలాయన బొమ్మ. ఉబ్బిన నుదురు, బారెడు గడ్డం, చేతిలో పండు. రెండోది చిన్న రేకు డబ్బా. అందులో వాళ్ళ కొండ మీద రాళ్ళ సందుల్లో పెరిగే ఊలాంగ్ టీ ఆకు ఉంది. నిప్పుల మీద బూడిద కప్పి, వెదురు బుట్టలో ఆకు పోసి, పక్కనే కూర్చుని గంటల తరబడి వేపాలట. అందులో వాళ్ళాయన మొనగాడట. ఆ డబ్బాలోని ఆకు వేపిన కొన్నాళ్ళకే ఆయన పోయాడు. వేపిన సెగ ఆకులోంచి దిగడానికి నెలలు పడుతుందని ఆవిడ మూత తియ్యలేదు. ఇంట్లో వదిలేస్తే తేమ తగులుతుందని వెంట తెచ్చుకుంది. ఆయన సంవత్సరీకం నాడు తాగాలని ఆవిడ కోరిక. ఆయన చేతి టీ ఇంకెక్కడా లేదు, అదే ఆఖరు.

ఇదంతా ఆవిడ ఫోనుకు చైనా భాషలో చెబితే, ఫోను తెలుగులో నాకు చెప్పేది. రేడియోలో వార్తలు చదివినట్టుండేది దాని తెలుగు. నవ్వొచ్చేది.

ఆ ఎండాకాలం నాకు జ్వరం వచ్చింది. టెస్టు చేస్తే పాజిటివ్. ఖలాస్, దీన్ని బయటికి పంపించెయ్యాలి అంది మేడమ్. నైనై కోడలితో ఏం పోట్లాడిందో గానీ నన్ను నా గదిలోనే ఉంచారు. ఆ రోజే నైనై డబ్బా మూత తీసింది. రోజూ చిటికెడు ఆకు, ఒక్క చిన్న కప్పు. ముందు ముసలాయన బొమ్మ దగ్గర పెట్టి, మాట్లాడకుండా దణ్ణం పెట్టి, తర్వాత ఆ కప్పు నా గుమ్మం దగ్గర పెట్టేది. తను మాత్రం చుక్క ముట్టేది కాదు. ఎవరి కోసం పెట్టిందో వాళ్ళు కోలుకునేదాకా ఇంకొకరు తాగకూడదట.

తలుపు అవతల నుంచి ఫోనులో కథ కూడా వినిపించింది. పందొమ్మిదో ఏట చావు రాసిపెట్టి ఉన్న ఒక కుర్రాడు కొండ మీదికి వెళ్ళాడు. అక్కడ ఇద్దరు ముసలాళ్ళు ఆటలో మునిగి ఉన్నారు. ఒకడు బతుకు రాసేవాడు, ఒకడు చావు రాసేవాడు. కుర్రాడు నోరు మెదపకుండా వాళ్ళకు టీ పోస్తూ కూర్చున్నాడు. వాళ్ళు చూసుకోకుండా తాగేశారు. తాగాక, తిన్నింటి వాసాలు ఎలా లెక్కపెడతాం అనుకుని, పందొమ్మిది కొట్టేసి తొంభై రాశారట. ఆ బతుకు రాసేవాడే ఈ బొమ్మ.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. విగ్రహం ముందు పెట్టింది నోట పెట్టకూడదని అమ్మ నేర్పింది. చవితికి పక్కింటి వాళ్ళు ఉండ్రాళ్ళు పంపితే నవ్వుతూ పుచ్చుకుని పెరట్లో కోళ్ళకు వేసేవాళ్ళం. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, తింటే దేవుడు నొచ్చుకుంటాడు. ఆ తెలివే ఇక్కడా వాడాను. రోజూ కప్పు తీసుకుని బాత్రూములో పారబోసి, కడిగి గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది కప్పులు. శనగలు మాడబోయే ముందు వచ్చే వాసన గదంతా పట్టేది. నోరూరేది కూడా. అయినా పారబోశాను, మొండిదాన్ని.

నాకు తగ్గింది. నైనై బొమ్మకు మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి, వచ్చి నా భుజం తట్టింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ వారమే ఆవిడకు జ్వరం తగులుకుంది. నా వల్లే వచ్చి ఉంటుంది. జ్వరం తగ్గింది గానీ వాసన, రుచి పోయాయి. నెలలు గడిచినా తిరిగి రాలేదు. సంవత్సరీకం ఇక్కడే వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మూత తియ్యలేదు.

చివరికి చైనాకు టికెట్ దొరికింది. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి తన ఎదురుగా కూర్చోబెట్టింది. తన నాలుకకు ఏమీ తెలియడం లేదని, ఆయన ఆఖరి టీ తాగినదాన్ని నేనొక్కదాన్నేనని, అది ఎలా ఉండేదో చెప్పమని అడిగింది. బాగుండేదన్నాను. బాగుండడమంటే ఎలాగని అడిగింది. మళ్ళీ బాగుండేదనే అన్నాను. మర్చిపోయాననుకుంది కాబోలు, డబ్బాలో మిగిలిన ఆకంతా కెటిల్లో వేసింది. ఈసారి బొమ్మ ముందు పెట్టలేదు, నేరుగా నా చేతికే ఇచ్చింది.

తాగాను. ముందు పొగ, తర్వాత చేదు. ఇంతేనా అనుకుంటుండగా గొంతులోంచి తీపి పైకి వచ్చింది. నా కళ్ళు వాటంతటవే పెద్దవయ్యాయి. నైనై నా మొహమే చూస్తోంది.

"ఇది మీకు మొదటిసారి" అంది ఫోను.

"పారబోసేసేదాన్నండి. బాత్రూములో. రోజూ."

ఫోను ఆ మాట ఆవిడకు చెప్పేసింది. మా మతంలో తాగకూడదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. మొదటి రోజే వద్దండీ అని ఒక్క మాట అని ఉంటే, ఎలాగూ మూత తీసిన డబ్బా కాబట్టి, తనకు జ్వరం రాకముందే ఆయన టీ ఆవిడే తాగి ఉండేది. నా మర్యాద తగలబడ.

నైనై లేచి మళ్ళీ నీళ్ళు కాచి, అదే ఆకు మీద పోసింది.

"తాగండి. ప్రతి గుక్కా చెప్పండి."

చెప్పాను. రెండో కప్పులో పొగ తగ్గిందని, మూడోదానిలో తీపి ముందే వస్తోందని, నాలుగోదానిలో తడిసిన రాయి వాసన ఉందని. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, తనే తాగుతున్నట్టు గుటకలు మింగింది. ఏడో కప్పుకు ఏమీ రాలేదు. ఉత్త వేణ్ణీళ్ళు అని చెప్పాను.

అప్పుడు ఏడ్చింది నైనై.