పాట ముందు దుకాణం పేరు

రాష్ట్రం విడిపోవడానికి ముందు ఏడాది వేసవిలో నన్ను విజయవాడ గవర్నర్‌పేట ప్రాంతానికి సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అవి మెమరీ కార్డుల రోజులు. ఫోన్ల దుకాణంలో కార్డు ఇచ్చి టీ తాగి వచ్చేలోగా వందల పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అవి ఎవరి పాటలని అడిగేవారు లేరు.

ఒక ఉదయం భవానీపురం నుంచి మస్తాన్‌బీ గారు స్టేషనుకు వచ్చారు. యాభై దాటిన మనిషి. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు సొంతంగా కట్టి పాడతారు. ఏ మతం పెళ్ళివారైనా ఆమెను పిలిచేవారు. ఆ పాటల్ని స్టూడియోలో రికార్డు చేయించి సీడీ తెచ్చారు. సీడీలు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి, పాటలు మాత్రం ఊరంతా మోగుతున్నాయి.

"జనం వింటుంటే నాకు సంతోషమేనండీ. కానీ మా నాగేశ్వరరావు డోలక్ అటకెక్కించి ఆటో తోలుకుంటున్నాడు. రెండో సీడీ చేద్దామంటే 'ఎందుకక్కా, మళ్ళీ ఊరికే పంచుకోడానికా' అంటున్నాడు. అతని వాయింపు లేకపోతే నా పాట నడవదండీ" అన్నారు.

ఎఫ్ఐఆర్ కట్టాను. కాపీరైటు చట్టం ప్రకారం సబ్ ఇన్‌స్పెక్టరుకు తగ్గని అధికారి వారంటు లేకుండానే దొంగ నకళ్ళను స్వాధీనం చేసుకోవచ్చు. అయితే సోదా జరిగేటప్పుడు స్థానికులిద్దరు మధ్యవర్తులుగా ఉండాలి, పంచనామా వారి ఎదుటే రాయాలి. ఆమె ఫిర్యాదులో చెప్పిన ఫోన్ల దుకాణానికి వెళ్ళి, పక్కనున్న స్టేషనరీ దుకాణం ఆయన్నీ, లాడ్జి మేనేజరునీ పిలిచాం.

దుకాణం యజమాని శ్రీను చల్లపల్లి నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళవాడు. ఎప్పుడూ నవ్వుమొహమే. "ఆ పాటలు మా షాపులో ఎక్కించం సార్" అని గట్టిగా చెప్పాడు.

అంతలో స్టేషనరీ ఆయన ఫోను మోగింది. ముందుగా "శ్రీను మొబైల్స్, గవర్నర్‌పేట!" అని శ్రీను గొంతు పలికింది. వెంటనే అదే ఫోనులో మస్తాన్‌బీ గారి గొంతు వియ్యపురాలి వడ్డాణం మీద పాట అందుకుంది. ప్రతి పాటకూ ముందు మనవాడు తన ప్రకటన అతికించాడు!

"ఇక్కడే ఎక్కించుకున్నానండీ" అని మధ్యవర్తి నసిగాడు. కానిస్టేబుళ్ళు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. నేను పెదవి బిగబట్టి పంచనామా పూర్తిచేశాను.

సీలు వేసిన కంప్యూటరుతో పాటు శ్రీనునూ స్టేషనుకు తెచ్చాం. గొంతు తనదేనని వాంగ్మూలం ఇవ్వడానికి మస్తాన్‌బీ గారు అక్కడే కూర్చుని ఉన్నారు.

"నా వల్లే కదమ్మా మీ పాట ఊరూరా తెలిసింది?" అన్నాడు శ్రీను.

"తెలిసింది నాయనా. మొన్న గుడివాడ పెళ్ళిలో నేను పాడుతుంటే, 'ఈవిడెవరో శ్రీను మొబైల్స్ పాట భలే పాడుతోందే' అన్నారు."

స్టేషనంతా గొల్లుమంది. శ్రీను కూడా నవ్వాడు. ఆమె మాట మార్చి, మీ వాళ్ళేం చేస్తారని అడిగారు.

"నేతండీ. మా నాన్న కొత్త అంచు వేస్తే మరమగ్గాల వాళ్ళు చూసి అదే అంచు కొట్టేశారు. ఆయన చీర కొనేవాళ్ళు లేక మగ్గం దించేసి..." అంటూనే ఆగిపోయాడు. తల దించుకున్నాడు.

"ఇంక నీకు నేను చెప్పేదేముంది!" అని ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపారు.

కేసు ఆగలేదు. ఛార్జిషీటు వేశాం, కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. ఆలోగానే మస్తాన్‌బీ గారి సీడీలు తన దుకాణంలో పెట్టి, ఎక్కించమని వచ్చినవాళ్ళకు వాటినే అమ్మడం మొదలుపెట్టాడు. ఆటోస్టాండుకు వెళ్ళి నాగేశ్వరరావును బతిమాలి డోలక్ దింపించాడు. రెండో సీడీ వచ్చింది. ప్రేమలేఖను కాపీ కొట్టి దొరికిపోయిన పెళ్ళికొడుకు మీద అందులో ఒక పాట ఉంది. స్టేషనులో అందరం కొనుక్కున్నాం.

ఆ తరవాత ఇలాంటి కేసుల్లో నా పద్ధతి మార్చుకున్నాను. ఫిర్యాది వాంగ్మూలంతో ఆపకుండా, వెనక వాయించినవాళ్ళను కూడా సాక్షులుగా పిలిచేవాణ్ణి. నకలు వల్ల పాడేవారి పని తగ్గుతుంది. వాయించేవారికి పనే పోతుంది. ఆ సంగతి రికార్డులోకి ఎక్కకపోతే దర్యాప్తు సగమే అయినట్టు.